అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ మొదలుకొని ఈ మధ్య వచ్చిన కామిక్ ఇష్యూల (సంచికల) మీద నా మాట, మీ మాట కూడా చెప్పండి (స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రిపిట్ట (హైదరాబాద్), శనివారం రాత్రి 10:12

వారం రోజులుగా రాత్రిపూట కూర్చుని అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ మొదటి ఇష్యూ నుంచి మళ్ళీ చదివాను. నెలకొకటి చొప్పున చదివినప్పుడు కంటికి ఆనని సంగతులు వరసగా చదివితే ఆనాయి. మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. ఇంకా చదవనివాళ్ళు ఇక్కడితో ఆగిపోండి.

కొత్తవాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. 2024 అక్టోబర్‌లో అమెరికా కామిక్స్ కంపెనీ డీసీ వాళ్ళు అబ్సల్యూట్ అని కొత్త లోకం ఒకటి మొదలెట్టారు. డార్క్‌సైడ్ అనే మహా దుర్మార్గుడి శక్తిలోంచి పుట్టిన లోకం కాబట్టి అక్కడ హీరోలకు అంతా ఎదురుగాలే. బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనక మనిషి బ్రూస్ వేన్‌కి ఆస్తి లేదు, బంగళా లేదు. చదివింది సివిల్ ఇంజనీరింగ్. తండ్రి థామస్ బడిపంతులు. పిల్లల్ని జూకి తీసుకెళ్ళిన రోజున కాల్పులు జరిగితే వాళ్ళను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. తల్లి మార్తా మాత్రం బతికే ఉంది. ఆల్‌ఫ్రెడ్ ఇక్కడ పాత కథల్లోలాగా ఇంట్లో పనిచేసే మనిషి కాదు, బ్రూస్ మీద కన్నేసి ఉంచిన బ్రిటిష్ గూఢచారి. కథ చెప్పేది కూడా ఆయనే.

రచయిత స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా. వీళ్ళిద్దరూ హీరోకి ఊరికే వచ్చిపడినవన్నీ ఒక్కొక్కటీ ఊడబెరికారు. బెరికాక ఏం మిగిలిందో అదే కథ. చిన్నప్పటి నుంచి బ్యాట్‌మ్యాన్ అంటే నాకు ప్రాణం, అయినా ఒక అనుమానం మాత్రం లోపల ఉండిపోయింది: అంత డబ్బే లేకపోతే ఈ మనిషి ఏం చేసేవాడు? ఇరవై ఏళ్ళ తరవాత జవాబు దొరికింది. పగలు ఊరి కోసం ఇంజనీరు పని చేసి, ఆ పనిలో తెలుసుకున్న ఊరిలోనే రాత్రి తిరిగేవాడు. కారు కొనలేడు కాబట్టి ఒళ్ళు పెంచాడు. డ్రగోటా గీసిన బ్రూస్‌ని చూడండి, గుమ్మంలో పట్టడు.

మొదటి ఇష్యూలో పార్టీ యానిమల్స్ ముఠాతో కొట్లాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఛాతీ మీది గబ్బిలం గుర్తు అంత మోటుగా, పలకలాగా ఎందుకు గీశారో నాకు అంతవరకూ తెలియలేదు. బ్రూస్ దాన్ని ఊడబీకి చేతిలోకి తీసుకుంటాడు. అది గొడ్డలి తల! తాపీమేస్త్రీ తాపీని, వడ్రంగి ఉలిని చేతికి అందే చోట పెట్టుకున్నట్టు ఇతను గుండె మీద పెట్టుకున్నాడు. ఒక్క గుర్తులోనే వీడు పని చేసుకు బతికేవాడని చెప్పేశారు. ఇన్నేళ్ళ బ్యాట్‌మ్యాన్ బొమ్మల్లో ఇంత తెలివైన మార్పు నేను చూడలేదు.

ఇప్పుడు నా బాధ. వేలన్, ఆస్వాల్డ్, ఎడ్వర్డ్, హార్వీ, సెలీనా. పాత లోకంలో వీళ్ళంతా శత్రువులు. ఇక్కడ బ్రూస్ చిన్ననాటి నేస్తాలు, ఒక్క పేటలో కలిసి పెరిగినవాళ్ళు. చదువుతూ చదువుతూ నాకు అర్థమైందేంటంటే ఆస్తికి బదులు రచయిత ఇతనికి ఇచ్చింది ఈ నేస్తాలనే. తీరా బేన్ అనే దుర్మార్గుడి కథ వచ్చేసరికి వాళ్ళ మీదే పడ్డారు. బాక్సర్ వేలన్‌ని మొసలిని చేసిన పేజీలు చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి దగ్గర ఎంతవరకు తీసెయ్యొచ్చు? డబ్బు తీసేస్తే మనిషి బయటపడ్డాడు, ఒప్పుకుంటాను. మనుషుల్ని కూడా తీసేస్తే ఇక మిగిలేది కోపమేగా. కోపం ఒక్కదాంతో నడిచే బ్యాట్‌మ్యాన్‌లు మనకు ఇదివరకే చాలామంది ఉన్నారు.

మీరేమంటారు?

ప్లేనో_ప్రసాద్, శనివారం రాత్రి 10:50

బాగా రాశారు రాత్రిపిట్ట గారూ. నేను ఇక్కడ టెక్సస్‌లో ప్రతి బుధవారం ఆఫీసు అయ్యాక కామిక్స్ షాపుకెళ్ళి పుల్ లిస్ట్, అంటే నాకోసం తీసిపెట్టిన ఇష్యూలు, తీసుకునే మనిషిని. ఒక్క ఇష్యూ 4.99 డాలర్లు. మీరు రాత్రికి రెండు మూడు ఇష్యూలు చదివారు కదా, మేము ఆ బేన్ కథని నెలల తరబడి మోశాం. మధ్యలో ఆర్క్ ఎమ్ జైల్లో బ్రూస్ పడి ఉన్నప్పుడు నెల రోజులు ఆగాలి. అలా ఆగినప్పుడు ఆ భయం వేరే. ఒక్క ఊపులో చదివితే దెబ్బ మీద దెబ్బ పడినట్టుంటుంది. నెలకొకటి చదివితే రెండు దెబ్బల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి చోటు ఉంటుంది. ఇది నెలనెలా చదవడానికి కట్టిన కథ అనిపిస్తుంది నాకు.

కోపం మాటకొస్తే నేను ఒప్పుకోను. కోపంతో నడిచేవాడైతే తల్లి దగ్గర అబద్ధమాడినందుకు అంత నలిగిపోడు.

ఇంకుమరక (విజయవాడ), శనివారం రాత్రి 11:31

అన్నా, నేను బొమ్మల వైపు నుంచి మాట్లాడతాను. పుస్తకాలకు బొమ్మలు వేసుకుంటూ బతుకుతున్నాను కాబట్టి నా కళ్ళు ముందు అటే పోతాయి.

డ్రగోటా పేజీలో ప్యానెళ్ళు, అంటే బొమ్మల గళ్ళు, లెక్కపెట్టారా ఎప్పుడైనా? మామూలు అమెరికన్ కామిక్‌లో పేజీకి ఐదో ఆరో ఉంటాయి. ఈయన చిన్న చిన్న గళ్ళు బోలెడు పేరుస్తాడు. ఒక గడిలో కన్ను, ఒక గడిలో వేలు, ఒక గడిలో బోల్టు. ఊపిరాడకుండా ఇరికించి, పేజీ తిప్పగానే రెండు పేజీల నిండా ఒక్కటే బొమ్మ. బ్రూస్ అంత పెద్దగా కనపడేది ఒళ్ళు పెద్దగా గీసినందుకే కాదు, ముందు పేజీలో మనల్ని అగ్గిపెట్టెలో కూర్చోబెట్టినందుకు కూడా. నేను ట్రేసింగ్ పేపరు పెట్టి ఆ గళ్ళు గీసి చూసుకున్నాను. ఆ కొలతల్లో ఎంత లెక్క ఉందో గీస్తేనే తెలుస్తుంది.

ఫ్రాంక్ మార్టిన్ రంగుల గురించి ఎవరూ చెప్పరేం? రాత్రి అంటే నీలం అన్న అలవాటు మానేశాడాయన. పొగ రంగు, తుప్పు రంగు, సోడియం దీపం పసుపు. పాత బస్టాండు దగ్గర రాత్రి రెండింటికి ఎలా ఉంటుందో అలా ఉంటుంది బ్యాట్‌మ్యాన్ ఊరు ఈ గోథమ్.

కానీ అబ్సల్యూట్ పుస్తకాల్లో నా ఓటు వండర్ ఉమన్‌కే. రేపు పొద్దున రాస్తాను, కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఖని_గీత, ఆదివారం పొద్దున 7:05

అందరూ బ్యాట్‌మ్యాన్ కాడనే ఆగిన్రు. సూపర్‌మ్యాన్ సంగతి నేను చెప్త.

మాది గోదావరిఖని. మా తాత తట్టా చెమ్మాస్ (గంప, పార) పట్టినోడు, మా నాయిన బొగ్గుబాయిల రిటైరైండు. అబ్సల్యూట్ సూపర్‌మ్యాన్ మొదటి ఇష్యూ తెరిచిన. రాసింది జేసన్ ఆరన్, బొమ్మలు రఫా సండోవల్. బ్రెజిల్‌ల వజ్రాల గని. లాజరస్ కంపెనీ కింద కూలోళ్ళు పనిచేస్తున్నరు, వాళ్ళ నడుమ కాల్-ఎల్, అంటే మన సూపర్‌మ్యాన్, ఉన్నడు. ఎగురుకుంట వచ్చి దిగలే, వాళ్ళతోటి మట్టిల ఉన్నడు. మా నాయినను పిలిచి ఆ పేజీలు చూపెట్టిన. ఇంగ్లీషు రాదాయనకు. బొమ్మలు చూసి "పైకప్పు సప్పుడు జేస్తాంది బిడ్డా, ఇగ కూలుతది" అన్నడు. ముప్పై ఏండ్లు పైకప్పు కింద పనిచేసినోని కన్ను అది.

ఆయన పుట్టిన గ్రహం క్రిప్టాన్ మీద కూడా వీళ్ళు కష్టజీవులే. ఆయన తండ్రి జోర్-ఎల్ పెద్ద సైంటిస్టు, సభల కూసుండెటోడు అని ఇన్నేండ్లు చదివినం. ఈడ జోర్-ఎల్, తల్లి లారా ఇద్దరు పనోళ్ళ కులంల పుట్టిన్రు. ఛాతి మీద 'ఎస్' గుర్తు ఉంటది కదా, అది పనోళ్ళకు వేసిన గుర్తు! నేను పుస్తకం పక్కన పెట్టి లేచి అటు ఇటు తిరిగిన. చిన్నప్పటి సంది టీషర్టుల మీద చూసిన గుర్తు, గదే గుర్తు, ఇప్పుడు మా ఇంటోళ్ళది అయినట్టు అనిపిచ్చింది.

రాత్రిపిట్ట అన్నా, నువ్వన్న మాట సూపర్‌మ్యాన్‌కు ఇంకా బాగ సరిపోతది. ఊడబెరికిన్రు అన్నవ్ చూడు. గుర్తు ఉంచిన్రు, అర్థం మార్చిన్రు.

ఒక్క లోటు చెప్పాలె. మొదటి ఏడాది నడుమల క్రిప్టాన్ కథ, భూమి కథ పక్కపక్కన నడుపుతుంటే కొన్ని ఇష్యూలు పలుచగ అయినయ్. దుర్మార్గుడు రాస్ అల్ గూల్ వచ్చినంక మళ్ల బిగిసింది.

రాత్రిపిట్ట, ఆదివారం పొద్దున 8:20

గీతా, మీ నాన్నగారి మాట చదివి ఒళ్ళు జలదరించింది. నేను ఆ పేజీని రెండుసార్లు చదివాను, పైకప్పు వైపు చూడనే లేదు. ఇప్పుడే తీసి మళ్ళీ చూశాను.

చందమామ_పాఠకుడు (తెనాలి), ఆదివారం ఉదయం 9:45

నమస్కారం. నేను రిటైరైన తెలుగు మాస్టారిని, అరవై ఎనిమిదో ఏడు నడుస్తోంది. మా మనవడి పుణ్యమా అని ఈ పుస్తకాలు నాలుగైదు ఫోనులో చదివాను. అక్షరాలు చిన్నవి కావడంతో భూతద్దం దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. మీ అందరి రాతలూ శ్రద్ధగా చదివాను.

నాకు కథ అంటే చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చదివి పెరిగినవాణ్ణి. ఆయన పేరు కూడా వేసుకునేవారు కాదు. నెలకు నాలుగైదు పేజీలు, చిత్ర గారి బొమ్మలు. రాక్షసుడి నోట్లో చెయ్యి పెట్టిన చోట "ఇంకా ఉంది" అని ఆపేవారు. ఆ నెల రోజులూ పంట కాలువ గట్టు మీద కూర్చుని తరవాత ఏమవుతుందో మేమే అల్లుకునేవాళ్ళం. ప్రసాద్ గారు చెప్పిన నెల రోజుల భయం నాకు బాగా తెలిసిందే.

అయితే ఒక తేడా. ఆ సీరియళ్ళు ఎంత సాగినా ఒకనాటికి ముగిసేవి. రాజకుమారుడు ఇల్లు చేరేవాడు, మరుసటి నెల కొత్త కథ మొదలయ్యేది. ఈ అమెరికా కథలు 1938, 39 నుంచి నడుస్తూనే ఉన్నాయి. సూపర్‌మ్యాన్ ఇల్లు చేరడు. కాబట్టి రచయితలకు మిగిలే దారి ఒక్కటే, అతనికి ఉన్నది తీసెయ్యడం, మళ్ళీ ఇవ్వడం. రాత్రిపిట్ట గారు అడిగిన "ఎంతవరకు తీసెయ్యొచ్చు" అన్న ప్రశ్నకు మూలం అక్కడ ఉందని నాకు తోస్తోంది. ముగింపు ఉన్న కథలో ప్రతి నష్టానికీ బరువుంటుంది.

పిల్లలూ, అలా ముగిసే పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి.

సీతమ్మధార_శ్రీను (విశాఖపట్నం), ఆదివారం ఉదయం 10:30

మాస్టారూ, మీరు అడిగిన పుస్తకం నా దగ్గరుంది. అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్.

2024 జనవరిలో మార్వెల్ కంపెనీ వాళ్ళు మొదలెట్టారు. రచన జోనథన్ హిక్‌మన్, బొమ్మలు మార్కో కెకెట్టో. దీని పద్ధతి వేరు. బయట మనకు ఒక నెల గడిస్తే కథలో కూడా నెల గడుస్తుంది. అసలు దుర్మార్గుడు మేకర్ ఒక నగరంలో బందీ అయి ఉంటాడు. రెండేళ్ళకు ఆ తలుపు తెరుచుకుంటుంది. అంటే గడువు మొదటి రోజే గోడ మీద రాసి పెట్టినట్టు. 24 ఇష్యూలతో సరి.

ఇందులో పీటర్ పార్కర్ కుర్రాడు కాదండి. ముప్పై అయిదేళ్ళ మనిషి, గడ్డం, పెళ్ళాం మేరీ జేన్, ఇద్దరు పిల్లలు. శక్తులిచ్చే సాలీడు కుట్టవలసిన వయసులో కుట్టకుండా మేకర్ అడ్డుపడ్డాడు. ఏదో వెలితి ఉందని తెలుసు, ఏంటో తెలీదు. అప్పుడు ఐరన్ ల్యాడ్, అంటే టోనీ స్టార్క్, ఆ సాలీడుని తెచ్చి ఇచ్చి కావాలో వద్దో నువ్వే తేల్చుకో అంటాడు. పాత కథలో శక్తి నెత్తి మీద పడింది. ఇందులో పిల్లల తండ్రి అన్నీ తెలిసి చెయ్యి చాపాడు. మా ఇంట్లోనూ ఇద్దరు పిల్లలు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

పాత కథలో చనిపోయే బెన్ బాబాయి ఇందులో బతికే ఉంటాడు! ఆయనా, పేపరు సంపాదకుడు జోనా జేమ్సనూ ఉద్యోగాలు వదిలేసి సొంత పేపరు పెట్టుకుంటారు. ఆ ఇద్దరు ముసలాళ్ళ మాటలు నేను మా ఆవిడకు చదివి వినిపించాను.

నాలుగో ఇష్యూ గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. బొమ్మలు డేవిడ్ మెస్సీనా వేశాడు. ఇష్యూ మొత్తం హోటల్లో భోజనం బల్ల దగ్గరే. పీటర్, మేరీ జేన్, హ్యారీ ఆస్బర్న్, గ్వెన్. రెండు జంటలు, నాలుగు కుర్చీలు. కొట్లాట లేదు. పీటర్‌కీ హ్యారీకీ ఒకరి ముసుగు సంగతి ఒకరికి తెలిసేది ఆ మాటల్లోనే. చేతులు, గ్లాసులు, ఓరచూపులు. సూపర్‌హీరో పుస్తకంలో ఇరవై పేజీల భోజనం వేసి నెల రోజులు జనాన్ని మాట్లాడుకునేలా చేశారంటే అది ధైర్యం.

ఇక నా బాధ కూడా చెప్తాను. రెండో ఏడు మధ్యలో కథ సాగలాగారు. నెలకు నెల అన్న పద్ధతి వల్ల ఒక కొట్లాట జరిగాక మరుసటి ఇష్యూకి గాయాలు మానిపోయి ఉంటాయి. ఆ మధ్య నెలలో ఏం జరిగిందో చూడాలని మనకు ఉంటుంది, చూపించరు. ముగింపు వస్తోందని తెలిసి కూడా అన్ని దారాలు చివరికి వదిలిపెట్టారు. అయినా ముగించారు మాస్టారూ. ఇన్ని అమ్ముడుపోతున్న పుస్తకాన్ని ముగించారు.

ప్లేనో_ప్రసాద్, ఆదివారం ఉదయం 10:58

ఆ ముగింపు ప్రకటన విన్న వారం మా షాపులో చాలామంది బాధపడ్డారు శ్రీను గారూ. నాకు మటుకు సంతోషమే వేసింది. 2000లో మొదలైన పాత అల్టిమేట్ లైను (ఇదే పేరుతో వచ్చిన పుస్తకాల వరస) 2015 దాకా ఈడ్చి ఈడ్చి ఏమైందో నేను దగ్గరుండి చూశాను.

ఇంకుమరక, ఆదివారం ఉదయం 11:40

రాత్రి బాకీ పెట్టింది ఇప్పుడు రాస్తున్నాను. అబ్సల్యూట్ వండర్ ఉమన్. రచన కెల్లీ థాంప్సన్, బొమ్మలు హేడెన్ షర్మన్, రంగులు జోర్డీ బెలేర్. 2025లో కొత్త సిరీస్‌కిచ్చే కామిక్స్‌లో పెద్ద గౌరవమైన ఐస్నర్ అవార్డు దీనికే వచ్చింది.

వండర్ ఉమన్ అసలు పేరు డయానా. ఆమెకు ఇక్కడ అమెజాన్ల (యోధ స్త్రీల జాతి) దీవి లేదు, తల్లి లేదు, అక్కచెల్లెళ్ళు లేరు. ఆ జాతి పేరు పలకడానికి కూడా వీల్లేదని దేవతల శాపం. పసిపిల్లను తెచ్చి నరకంలో మంత్రగత్తె సర్సీ చేతిలో పెట్టి పోతారు. సర్సీకి మొదట ఇష్టం ఉండదు. చుట్టూ భూతాలు, పాములు. ఈ పిల్ల వేటినీ చూసి ఏడవదు. నరకంలో పుట్టకపోయినా అది తన ఇల్లే అన్నట్టు ఆడుకుంటుంది. రాతిగుండెలాంటి సర్సీ కొంచెం కొంచెంగా అమ్మ అవుతుంది. ఏ పేజీలో మారిందో వేలు పెట్టి చూపించలేం. అలా గీశారు.

రాత్రిపిట్ట అన్నా, నీ ప్రశ్నకు నా జవాబు ఈ పుస్తకంలో ఉంది. స్టీవ్ ట్రెవర్ అనే సైనికుడు నరకంలో చిక్కుకుంటాడు. అతన్ని పైకి పంపాలంటే డయానా ఏదో ఒకటి ఇవ్వాలి. తన చెయ్యి ఇస్తుంది. ఎవరో లాక్కుంటే పోయిన చెయ్యి కాదది, తనే ఇచ్చింది. బ్రూస్ దగ్గర రచయిత తీసుకుంటున్నాడు, డయానా తనంతట తనే ఇస్తోంది. నువ్వు వేలన్ పేజీలు చదివి నిద్రపోలేదన్నావు. నేను ఈ పేజీ చదివి ఏడ్చాను, కానీ హాయిగా నిద్రపోయాను.

బొమ్మ గురించి ఒక్కటి. షర్మన్ ప్యానెల్ గీతలు తిన్నగా ఉండవు. డయానా ఎముకల గుర్రమెక్కి గేట్‌వే సిటీ మీదికి దిగేటప్పుడు చూడండి. ఆకాశం ఎర్రగా, కత్తి ఆమె కంటే పొడవు. చూడగానే భయం వేస్తుంది. కానీ మొహం దగ్గరికి వస్తే ఆ కళ్ళు ఎంత చల్లగా ఉంటాయో. కాళికాదేవి బొమ్మ వేసేటప్పుడు మా గురువుగారు ఎప్పుడూ ఒకటే చెప్పేవారు, నాలుక ఎంత భయంగా వేసినా కళ్ళల్లో అమ్మ ఉండాలి అని. ఆ మాట గుర్తొచ్చింది.

రాత్రిపిట్ట, ఆదివారం మధ్యాహ్నం 12:25

ఇంకుమరకా, తీసుకోవడానికీ ఇవ్వడానికీ ఉన్న తేడా నాకు తట్టలేదు. చదివినప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది. నా బాధ హింస ఎక్కువైందని అనుకున్నాను. నువ్వు చెప్పాక తెలిసింది, వేలన్‌ని ఎవరూ అడగలేదు. అతను బ్రూస్ కోసం ఏదీ ఎంచుకోలేదు. బేన్ వచ్చాడు, చేశాడు. వేలన్‌కి ఒక్క ఇష్యూ అయినా తన సొంతంగా ఇచ్చి ఉంటే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు.

మహేష్_ఎమ్ (మధురవాడ), ఆదివారం మధ్యాహ్నం 1:10

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్. 2025 మార్చిలో వచ్చింది. డెనిజ్ క్యాంప్ రాశాడు. హావియర్ రోడ్రిగెజ్ బొమ్మలూ ఆయనే, రంగులూ ఆయనే. ఆరు ఇష్యూలకని మొదలెట్టి పన్నెండుకు పెంచారు.

జాన్ జోన్స్ ఎఫ్‌బీఐ ఏజెంటు. బాంబు పేలుడులో చావు తప్పించుకుని ఇంటికొస్తాడు. అప్పటి నుంచి మనుషుల ఆలోచనలు రంగు రంగుల పొగలా కనపడతాయి. తలలో ఒక మార్షియన్ (అంగారక గ్రహవాసి). అంతే, ముసుగు లేదు, ఎగరడం లేదు.

పెళ్ళాం బ్రిడ్జెట్, కొడుకు టైలర్ ఉన్న ఇంట్లోకి వస్తాడు కదా. అందరి తలల్లోంచీ పొగ వస్తోంది, అన్నీ తెలుస్తున్నాయి, అయినా ఒక్క మాట మాట్లాడలేకపోతున్నాడు. మా నాన్న ఓడరేవులో ప్రమాదం నుంచి బయటపడ్డాక ఏడాది పాటు ఇంట్లో అలాగే కూర్చునేవారు. మేము ఆయన చుట్టూ మెల్లగా నడిచేవాళ్ళం. ఆయనకు మేము కనపడుతున్నామో లేదో తెలిసేది కాదు. ఈ పుస్తకం చదివాక మొదటిసారి ఆయన వైపు నుంచి ఆలోచించాను. పోయిన నెల ఫోన్ చేసి అడిగాను, అప్పుడు ఎలా ఉండేది నాన్నా అని. గంటన్నర మాట్లాడారు.

ఇంతకంటే నేను రాయలేను. చదవండి.

ఖని_గీత, ఆదివారం మధ్యాహ్నం 1:22

మహేషన్నా, మంచిగ జేసినవ్ ఫోన్ జేసి.

సీతమ్మధార_శ్రీను, ఆదివారం మధ్యాహ్నం 1:40

ఒకే ఊళ్ళో ఉన్నాం మహేష్ గారూ. నా దగ్గర ఈ పుస్తకం లేదు. మీరెప్పుడైనా ఇటు వస్తే కలుద్దాం.

కొత్తగా_వచ్చా, ఆదివారం సాయంత్రం 4:02

అందరికీ నమస్తే. సినిమాలు చూసి ఇటు వచ్చాను, కామిక్స్ ఒక్కటీ చదవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇండియాలో ఎలా దొరుకుతాయి?

రాత్రిపిట్ట, ఆదివారం సాయంత్రం 4:30

విడి ఇష్యూల జోలికి పోకండి. తెప్పించుకుంటే ఒక్కోటి ఐదొందలు దాటుతుంది, మూలలు నలిగి వస్తాయి. నేను ఒకచోట ఆర్డరు పెట్టి మూడు నెలలు ఎదురుచూశాను, చివరికి వేరే ఇష్యూ పంపారు. ఐదారు ఇష్యూలు కలిపి కుట్టిన సంపుటాలు ఇక్కడి పుస్తకాల షాపుల్లోనే దొరుకుతాయి. పాత కథలేవీ తెలియక్కర్లేదు, అబ్సల్యూట్‌లో ఏ పుస్తకమైనా మొదటి సంపుటం పట్టుకోండి. రక్తం చూడలేనంటే బ్యాట్‌మ్యాన్ వదిలి వండర్ ఉమన్‌తో మొదలెట్టండి. ఇంట్లో పిల్లలుంటే అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్. ఫోన్లో చదవకండి, టాబ్లెట్ అయినా ఉండాలి. డ్రగోటా గళ్ళు ఫోన్లో చూస్తే ఏమీ అర్థం కాదు.

ప్లేనో_ప్రసాద్, ఆదివారం సాయంత్రం 6:15

అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ యాన్యువల్ (ఏడాదికొక ప్రత్యేక సంచిక) గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 2025 అక్టోబర్‌లో వచ్చింది, డేనియల్ వారెన్ జాన్సన్ రాసి గీశాడు. వలస వచ్చినవాళ్ళ శిబిరం మీద జాత్యహంకారులు పడతారు, బ్రూస్ అడ్డుకుంటాడు. ఇది కామిక్‌లో రాజకీయాలు కలపడమని మా షాపులో ఒకాయన చాలా కోపంగా మాట్లాడాడు. నేను ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఆ శిబిరంలో మనుషుల మొహాలు నాకు పరాయివిగా అనిపించలేదు. ఆయనతో వాదించలేదు కానీ రెండో కాపీ కొన్నాను, మా అబ్బాయి పెద్దయ్యాక ఇవ్వడానికి.

సూపర్‌మ్యాన్ తొలి కథల్లోనే ఇంట్లో భార్యను కొట్టేవాణ్ణి పట్టుకున్నాడు, గనుల్లో భద్రత పట్టించుకోని యజమానిని గనిలోకి దింపాడు. ఆ పనులు 1938లోనే మొదలయ్యాయి. గీత గారు చెప్పిన గని కథకు వేరు అక్కడే ఉంది.

ఖని_గీత, ఆదివారం సాయంత్రం 6:40

ఇది నాకు తెల్వదు ప్రసాదన్నా. యజమానిని గనిలకు దింపిండా? ఏ ఇష్యూ అది?

ప్లేనో_ప్రసాద్, ఆదివారం సాయంత్రం 6:52

యాక్షన్ కామిక్స్ మూడో ఇష్యూ. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన సీగెల్, షుస్టర్ ఇద్దరూ చేసింది. గని యజమాని విందుకొచ్చిన అతిథులతో సరదాకి గని చూడ్డానికి దిగుతాడు, సూపర్‌మ్యాన్ కూలివాడి వేషంలో లోపల ఉంటాడు. పైకప్పు కూలి దారి మూసుకుపోతే అప్పుడు వాళ్ళకు తెలిసొస్తుంది భద్రతా పనిముట్లు ఏ స్థితిలో ఉన్నాయో. మీ నాన్నగారికి చూపించండి.

ఖని_గీత, ఆదివారం రాత్రి 8:30

చూపెట్టిన. బొమ్మలు చూసుకుంట నేను తెలుగుల చెప్పిన. మొత్తం విని, "ఎనభై ఏండ్ల కిందనే ఎరికేనా వాళ్ళకు" అన్నడు. తర్వాత మొదటి పేజీ నుంచి మళ్ల చెప్పుమన్నడు.

చందమామ_పాఠకుడు, ఆదివారం రాత్రి 9:10

శ్రీను గారూ, అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ మొదటి మూడు ఇష్యూలు మా మనవడు తెరిచి ఇచ్చాడు. మీరు చెప్పిన భోజనం ఇష్యూ రేపటికి దాచుకున్నాను. ఇంకుమరక గారు చెప్పిన ఎర్రటి ఆకాశం, ఎముకల గుర్రం బొమ్మ మాత్రం ఈ ఫోనులో అరచేతి మందాన కనపడుతోంది. వపా (వడ్డాది పాపయ్య) గారి అట్టమీది బొమ్మలు మేము పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వేలితో తడుముతూ చూసేవాళ్ళం. ఇది అలా చూడవలసిన బొమ్మే అనిపిస్తోంది.

ప్లేనో_ప్రసాద్, ఆదివారం రాత్రి 9:36

మాస్టారూ, మా అత్తగారిది మీ తెనాలి పక్కన కొలకలూరు. వచ్చే నెల మొదటి వారంలో వస్తున్నాను. వండర్ ఉమన్ మొదటి సంపుటం, స్పైడర్‌మ్యాన్ మొదటి సంపుటం రెండూ ఇప్పుడే పెట్టెలో అడుగున, చీరల మధ్య పెట్టించాను. మూలలు నలగవు.

చందమామ_పాఠకుడు, ఆదివారం రాత్రి 9:50

తప్పకుండా రండి బాబూ, మధ్యాహ్నం భోజనానికి రండి. నా దగ్గర బైండు చేయించిన చందమామలు పదకొండేళ్ళవి ఉన్నాయి. ఇంకుమరక గారూ, విజయవాడ నుంచి గంట ప్రయాణమే కదా, మీరూ రాగలిగితే చిత్ర గారి బొమ్మలు ఆ పుస్తకం పక్కన పెట్టి చూద్దాం.

ఇంకుమరక, ఆదివారం రాత్రి 9:53

వస్తాను మాస్టారూ. ట్రేసింగ్ పేపరు తెచ్చుకుంటాను.